ఆకు అడుగున

మంగళవారం లైబ్రేరియన్ గంటన్నర ముందు వచ్చింది. కొత్త పుస్తకాల కట్టలు దిగి మూడు రోజులైంది. ముద్రలు వెయ్యాలి, చీటీలు అంటించాలి. పాఠకులు మొదలయ్యాక ఆ పని సాగదు. పక్క గేటు తీసి పెరట్లోకి అడుగు పెట్టబోతూ ఆగిపోయింది. వంగమడి దగ్గర ఎవరో ఉన్నారు.

ఊడ్చే ఆవిడ. చీపురు గోడకి ఆనించి ఉంది. మోచేతి దాకా చెయ్యి ఆకుల్లోకి దూర్చి ఏదో వెతుకుతోంది. టిక్కుమని చిన్న చప్పుడు వినబడింది. చెయ్యి బయటికి వచ్చింది, పిడికిలి మూసి ఉంది. నడుముకి కట్టుకున్న సంచిలోకి వెళ్లి ఖాళీగా తిరిగొచ్చింది. పక్క మొక్కలోకి దూరింది. మళ్లీ టిక్కుమంది.

లైబ్రేరియన్ చప్పుడు చెయ్యకుండా వెనక్కి జరిగి తలుపు చాటున నిలబడింది. తప్పు ఎదుటివాళ్లు చేస్తుంటే సిగ్గుపడేది ఆమె. ముప్పై ఏళ్లలో పుస్తకంలో పేజీ చింపుతున్నవాళ్లని కూడా ఆమె ఎప్పుడూ కేకేసి పట్టుకోలేదు. దగ్గరికి వెళ్లి దగ్గేది, అంతే. ఈసారి దగ్గడానికి కూడా మనసొప్పలేదు.

అయితే ఆ రెండు కాయలూ ఇలా వెళ్లాయన్నమాట. శనివారం సాయంత్రం నిగనిగలాడుతూ కనబడిన కాయలు సోమవారానికి లేవు. కొన్ని మొక్కలకి చిగుళ్లు కూడా గోటితో గిల్లినట్టు తెగిపోయి ఉన్నాయి. ఉడత అయి ఉంటుందని సర్దిచెప్పుకుంది అప్పుడు.

ఆ మడులంటే ఆమెకి ప్రాణం. పెరడంతా రాతి బండలు పరిచి ఉంది, గునపం దిగదు. అందుకని పుస్తకాల పాత ర్యాకులు విరిగితే వాటి చెక్కలు ఊడదీయించి, మోకాలెత్తున అడుగులేని పెట్టెలు ఆరు కట్టించింది. అడుగున ఎండుటాకులు, వాటి మీద కొబ్బరి పొట్టు, ఆ పైన పేడ ఎరువు కలిపిన మట్టి. మొక్కలని కూడా అకారాది క్రమంలోనే పెట్టింది: క్యాబేజీ, టమాటా, బెండ, మిరప, వంగ, సొర. మందు పేరుతో విషం చుక్క పడనివ్వనని చెప్పి, వేపనూనె సీసా తన బల్ల సొరుగులో పెట్టుకుంది. కాయలు కోసిన రోజున పాఠకుల కార్డు మీద రాసి ఇచ్చేది: ‘బెండకాయలు, పిడికెడు. తిరిగి ఇవ్వనక్కర్లేదు.’ ఇన్నాళ్లూ ఆ మడుల మీద పురుగు వాలలేదంటే అది తన వేపనూనె మహిమేనని ఆమె నమ్మకం. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆ మాట చెప్పేది.

ఊడ్చే ఆవిడని పేపరు చదివే పెద్దమనుషులు నిశ్శబ్దమ్మ అని పిలిచేవారు. చదువుకునే గదిలో గోడమీద ‘నిశ్శబ్దం’ అని బోర్డు ఉంది. ఆ బోర్డు కింద ఏడాదిగా ఊడుస్తున్నా ఆమె నోట ఒక్క మాట విన్నవాళ్లు లేరు. చేరిన మొదటి వారంలో లైబ్రేరియన్ ఆమెకి చెప్పిందీ ఒక్క మాటే: “మొక్కల జోలికి రావద్దమ్మా. నీ పని చీపురు వరకే.” ఆమె తలూపింది.

ఆ తలూపడం గుర్తొచ్చి లైబ్రేరియన్‌కి మరింత కష్టమనిపించింది.

పదింటికి సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసింది. ఊళ్లో ఆఫీసులన్నిటికీ ఊడ్చేవాళ్లని పంపే కాంట్రాక్టు మనిషి అతను.

“ఏం చేసింది మేడమ్?”

“ఏమీ చెయ్యలేదు. అంటే... పెరట్లో కాయలు కనబడటం లేదు. పెద్దది చెయ్యకండి. ఆమెని ఏమీ అనొద్దు. ఇంకెక్కడైనా వేసి ఇక్కడికి వేరేవాళ్లని పంపండి, చాలు.”

“చేతివాటమా? అర్థమైంది మేడమ్. నేను చూసుకుంటాను.”

“అబ్బే, అలా అని కాదు...”

అప్పటికే అతను పెట్టేశాడు. ఫోన్ బల్ల మీద పెట్టి ఆమె ఊపిరి పీల్చుకుంది. గొడవ లేకుండా పోయింది. ఎవరి పరువూ పోలేదు. తను పద్ధతిగానే చేసింది.

సాయంత్రం ఇంట్లో ఆ సంగతి భర్తకి చెప్పింది. ఆయన కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కూర్చుని టీ తాగడం ఆయనకింకా అలవాటు కాలేదు. ఫ్రిజ్‌కి భుజం ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి, వంటగది మలుపు తిరుగుతుందేమో అన్నట్టు నిలబడి తాగుతాడు.

“మంచిపని చేశావోయ్. మరి ఏమందామె?”

“ఎవరు?”

“ఆమే. సంచిలో ఏముందని అడిగితే ఏమంది?”

“అడగలేదండీ. అడిగితే ఆవిడకే కదా తలవంపులు.”

ఆయన గ్లాసు దించాడు. “ముప్పై ఏళ్లలో నేను చాలామందిని మధ్యలో దింపేశాను. కానీ టికెట్ ఉందా అని అడక్కుండా ఒక్కళ్లనీ దింపలేదు.”

“బస్సూ లైబ్రరీ ఒకటేనా?”

“కాదు. మా బస్సులో కాస్త గోల ఎక్కువ,” అని ఆయన గ్లాసు కడగడానికి సింకు దగ్గరికి వెళ్లాడు.

ఆమె ఉల్లిపాయలు కావలసినదానికంటే సన్నగా తరిగింది.

*

బుధవారం కొత్తతను వచ్చాడు. పొడుగాటి మనిషి, చీపురు పట్టుకునే ఆవులించేవాడు. అతని పని అతను చేసేవాడు, మడుల వంక కన్నెత్తి చూసేవాడు కాదు. లైబ్రేరియన్‌కి కావలసిందీ అదే. రోజూలాగే పదకొండింటికి లీటరు నీళ్లలో చెంచాడు వేపనూనె, నాలుగు చుక్కలు సబ్బు కలిపి, సీసా బాగా ఊపి, ఆకుల మీద మంచులా కొట్టింది. ఆకులు తళతళలాడాయి. ఆ వాసన ఆమెకి ఇష్టం.

శుక్రవారం ఉదయం వంగమొక్కల్లో నాలుగింటికి చిగుళ్లు తలలు వాల్చేశాయి. నీళ్లు చాలలేదేమో అనుకుని రెండు చెంబులు ఎక్కువ పోసింది. మధ్యాహ్నానికి ఇంకో మూడు వాలాయి. బెండ ఆకుల మీద చీమలు బారులు కట్టాయి. క్యాబేజీలో ఒక ఆకు ఎండకి పెట్టి చూస్తే అవతలి గోడ కనిపించింది. ఆమె రెండోసారి మందు కొట్టింది. మూడోసారి ఇంకాస్త నూనె ఎక్కువ వేసి కొట్టింది. సాయంత్రానికి మిరపాకులు అంచులు మాడి ముడుచుకుపోయాయి.

చీడల పుస్తకం తీసింది. ఎన్నిసార్లు తీసిందో, వెన్నుపట్టీ వదులైపోయింది. ‘ప్రతిదినము ఆకుల అడుగు భాగమును పరిశీలించవలెను’ అని ఉన్నచోట పెన్సిలు గీత ఉంది. గీసింది తనే. ఆ గీత వంక చాలాసేపు చూసింది. మడి ఎత్తు మోకాలి దాకా. ఆకు అడుగు చూడాలంటే నడుము వంచాలి, మెడ తిప్పాలి, చెయ్యి మట్టిలోకి పెట్టాలి. ఆమెకి నడుం నొప్పి. పైగా లద్దె పురుగంటే ఒళ్లు జలదరిస్తుంది. సీసా అయితే నిలబడి కొట్టొచ్చు.

శనివారం పొద్దున్న కొత్తతను ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు, ముక్కు మూసుకుని.

“మేడమ్, కుళాయి వెనకాల బకెట్ మీదేనా? కంపు కొడుతోంది. పారబొయ్యమంటారా?”

“ఏ బకెట్?”

పాత రంగు డబ్బా అది. మూత మీద రాయి పెట్టి ఉంది. రాయి తీసి మూత లేపింది లైబ్రేరియన్. వాసన గుప్పున కొట్టింది. బూడిదరంగు సబ్బునీళ్లు. వాటిలో పచ్చవీ నల్లవీ పురుగులు, వేళ్లంతవి, గింజలంతవి, తేలుతూ మునుగుతూ ఉన్నాయి. గుడ్ల పొక్కులున్న ఆకు ముక్కలున్నాయి. వాడిపోయిన వంగచిగుళ్లు ఎన్నో ఉన్నాయి. వాటి మధ్య రెండు వంకాయలు, ఒక్కోటి రెండు చెక్కలుగా చీల్చి ఉన్నాయి.

ఆమె పుల్ల తెచ్చి ఒక చెక్కని తిప్పింది. పైన తొక్క మీద సూది మొనంత బెజ్జం. లోపల గుజ్జంతా సొరంగం, నల్లటి పెంట, చివర్న చచ్చిన గులాబిరంగు పురుగు. పుస్తకంలో బొమ్మ ఉంది దీనికి. చిగురు వాలితే వెంటనే తుంచెయ్యాలనీ, బెజ్జం పడిన కాయ కోసి నాశనం చెయ్యాలనీ రాసి ఉంది బొమ్మ కింద. టిక్కుమన్నది ఆ చిగురు.

“పారబొయ్యనా మేడమ్?” అన్నాడు అతను మళ్లీ.

“వద్దు.” ఆమె వంగమడి చెక్క అంచు మీద కూర్చుండిపోయింది. కూర్చున్నచోటి నుంచి, మొదటిసారి, ఆకుల అడుగు కనిపించింది.

*

“బస్‌స్టాండులో వేశాను మేడమ్, మెట్ల మీదా, పైన మరుగుదొడ్ల దగ్గరా. ఫిర్యాదు వచ్చినవాళ్లని అక్కడికే పంపుతాం,” అన్నాడు సూపర్‌వైజర్ ఫోనులో.

ఒంటిగంటకి లైబ్రరీకి తాళం వేసి నడిచి వెళ్లింది. బస్‌స్టాండు మెట్లు ఎక్కుతుంటే పైనుంచి ఎవరో ఆడమనిషి గొంతు గంటలా మోగుతోంది.

“ఏమయ్యా, కళ్లు నెత్తికెక్కాయా? తడి మీద ఆ బూట్లేమిటి? ఆగు, ఆరనియ్యి! నీ బస్సు నిన్నొదిలి పోదులే, డ్రైవరు ఇంకా టీ తాగుతున్నాడు.”

చుట్టూ జనం నవ్వారు. లైబ్రేరియన్ తల ఎత్తి చూసింది. నిశ్శబ్దమ్మ. తడిగుడ్డ పిండుతూ తనూ నవ్వుతోంది. ఒక కాలు చాచి, ఒక మోకాలు మాత్రమే వంచి మెట్టు మీద కూర్చుంది. ఆ చాచిన కాలు వంగదని లైబ్రేరియన్‌కి ఇప్పటిదాకా తెలియదు.

నిశ్శబ్దమ్మ ఆమెని చూసింది. నవ్వు ఆగిపోయింది. రెయిలింగు పట్టుకుని లేచి నిలబడింది.

“ఏం మేడమ్? ఇంకేమైనా పోయాయా?”

లైబ్రేరియన్ దారంతా కూర్చుకున్న మాటలన్నీ ఆ ఒక్క ప్రశ్నతో చెదిరిపోయాయి. “లేదు. బకెట్ చూశాను,” అంది.

నిశ్శబ్దమ్మ గుడ్డని రెయిలింగు మీద ఆరేసింది. అటూ ఇటూ లాగి ముడతలు సరిచేసింది. ఆ తర్వాత అడిగింది, “వంగ తలలు వాల్చిందా?”

“ఏడో ఎనిమిదో.”

“గిల్లేశారా?”

“లేదు.”

“అయ్యయ్యో. అది కిందికి దిగిపోతుంది మేడమ్. తల వాలిన రోజే గిల్లాలి, వేలెడు కిందికి. క్యాబేజీ?”

“జల్లెడైపోయింది.”

“గుడ్లు పగిలాయన్నమాట. ముద్దగా ఒక్క ఆకు మీదే ఉంటాయి మొదట. ఆ ఆకు ఒక్కటీ తీసేస్తే సరి. ఒక్కరోజు దాటితే మడంతా పాకుతాయి.” చేతులు ఆకుని తిప్పుతున్నట్టు గాల్లో తిరిగాయి. ఎవరి మీద కోపమో గుర్తొచ్చినట్టు మళ్లీ ముడుచుకున్నాయి.

“నాకెందుకు చెప్పలేదు మీరు?” అంది లైబ్రేరియన్.

“మీరెప్పుడు అడిగారు?” నిశ్శబ్దమ్మ గొంతు పెద్దది చెయ్యలేదు. “మొక్కల జోలికి రావద్దన్నారు. అందుకే మీరు రాకముందే చేసుకునేదాన్ని. కళ్లముందు పురుగు తింటుంటే చీపురు పట్టుకుని ఎలా పోను మేడమ్? మా నాన్న కూరల మడులు చేసేవాడు. నడక రాకముందే పురుగులేరాను నేను. ఇక మందు సంగతంటారా... పదకొండింటి ఎండలో, ఆకు పైన కొడితే పురుగుకేమవుతుంది? అది కింద చల్లగా కూర్చుంటుంది. కానీ మీరు సీసా పట్టుకుని అంత సంబరంగా కొడుతుంటే, మీ చెయ్యి మంచిదని అందరూ అంటుంటే, అది పని చెయ్యట్లేదని ఏ నోటితో చెప్పను?”

కింద బస్సు ఒకటి హారన్ కొట్టింది. లైబ్రేరియన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

“నాది తప్పు. మీరు మళ్లీ రండి.”

“నువ్వనే అనండి మేడమ్. మీరంటుంటే వెనకాల ఇంకెవరో ఉన్నారేమోననిపిస్తోంది.” గుడ్డ మళ్లీ చేతిలోకి తీసుకుంది. “రావడం నా చేతిలో లేదు. అది సూపర్‌వైజర్ ఇష్టం. నాకు కావలసింది అది కాదు. రోజూ పొద్దున్న హాజరు వేసేచోట నలభైమందిమి నిలబడతాం. బుధవారం నాడు అందరి ముందూ అన్నాడు, ‘చేతివాటం ఉన్నవాళ్లకి మెట్లే గతి’ అని. నాతో పాతికేళ్లుగా పనిచేసేవాళ్లు ఉన్నారక్కడ. ఇప్పుడు టీ తాగేటప్పుడు సంచులు ఒళ్లో పెట్టుకుంటున్నారు. ఆ మాట తీసెయ్యండి, చాలు. పురుగులు ఎవరైనా ఏరొచ్చు.”

*

“ఫోన్‌లో చెబితే సరిపోదా?” అని అడిగింది ఆదివారం భర్తని.

“దింపింది అందరి ముందూ అయితే, ఎక్కించేదీ అందరి ముందే,” అన్నాడాయన. తర్వాత ఆమె వంటగదిలో నిలబడి ఏం మాట్లాడాలో పైకి అనుకుంటుంటే, ఫ్రిజ్ దగ్గర నుంచి అన్నాడు, “వెనక సీట్లవాళ్లకి వినబడలేదోయ్.”

“ఊరుకోండి, నాకసలే చెమటలు పడుతున్నాయి.”

సోమవారం ఆరింటికి హాజరు షెడ్డు దగ్గరికి వెళ్లింది. చీపుర్లు, తోపుడు బళ్లు, పళ్లు తోముకుంటూ కొందరు, బీడీ ఆర్పుతూ కొందరు. సూపర్‌వైజర్ స్టూలు మీద కూర్చుని పేర్లు పిలుస్తున్నాడు. ఆమెని చూసి లేచాడు.

“అయ్యో మేడమ్, మీరెందుకు శ్రమపడ్డారు? ఒక్క ఫోన్ చేస్తే రేపే మార్చేసేవాణ్ని కదా.”

“ఒక మాట చెప్పి వెళతాను. అందరికీ.”

అతను భుజాలు ఎగరేసి పక్కకి జరిగాడు. ఆమె ముందుకొచ్చింది. నలభైమంది ముఖాలు. మూడో వరసలో నిశ్శబ్దమ్మ, చీపురు కట్టు విప్పి మళ్లీ బిగిస్తోంది, తల ఎత్తలేదు.

“లైబ్రరీలో పనిచేసిన ఈమె...” అంది లైబ్రేరియన్.

“వినబడట్లేదు!” అన్నారెవరో వెనకనుంచి. “గట్టిగా చెప్పండమ్మా!”

ముప్పై ఏళ్లు గుసగుసగా మాట్లాడిన గొంతు. అది ఎంతవరకు లేస్తుందో ఆమెకే తెలియదు. గుండెనిండా గాలి పీల్చుకుంది.

“ఈమె ఏమీ తియ్యలేదు! నా మొక్కలకి పట్టిన పురుగులు ఏరి పారేసింది. ఏడాది పాటు, రోజూ, ఎవరూ చెప్పకుండా. నేను చూసి, అడక్కుండా, దొంగతనమనుకున్నాను. సూపర్‌వైజర్ గారికి చెప్పింది నేనే. తప్పు నాది. ఈమెది కాదు!”

చివరి మాటకి గొంతు చీలింది. రోడ్డవతల టీకొట్టు దగ్గరివాళ్లు కూడా ఇటు తిరిగారు. తోపుడుబండి మీద కూర్చున్న ముసలావిడ నోట్లోంచి పందుంపుల్ల తీసింది.

“మమ్మల్ని అన్నవాళ్లని చాలామందిని చూశాం. తిరిగొచ్చి కాదన్నవాళ్లని చూడటం ఇదే,” అంది. తర్వాత సూపర్‌వైజర్ వైపు తిరిగింది. “విన్నావా నాయనా? నువ్వూ అను మరి. ఆ రోజు అన్నది నువ్వే కదా.”

సూపర్‌వైజర్ రిజిస్టరులో ఏదో వెతికాడు. “సరే సరే. పొరపాటైంది. మెట్లకి వేరేవాళ్లని వేస్తాను,” అన్నాడు, పేజీ వంక చూస్తూ.

నిశ్శబ్దమ్మ చీపురు కట్టు బిగించడం అయిపోయింది. పక్కనున్నామె ఆమె చేతిలోంచి చీపురు తీసుకుని, తన సంచిని ఆమె చేతికిచ్చి, “పట్టుకో, జుట్టు ముడేసుకుంటాను,” అంది. నిశ్శబ్దమ్మ ఆ సంచిని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

*

మంగళవారం ఆరున్నరకి లైబ్రేరియన్ వంగమడి పక్కన చిన్న స్టూలు వేసుకుని కూర్చుంది. చేతులకి తొడుగులు, పక్కన కొత్త సబ్బునీళ్ల బకెట్. ఒక ఆకుని రెండు వేళ్లతో అంచు పట్టుకుని తిప్పుతోంది, అది కరుస్తుందేమో అన్నట్టు.

గేటు కిర్రుమంది. నిశ్శబ్దమ్మ చీపురు గోడకి ఆనించింది. మడులన్నీ ఒక చుట్టు తిరిగి వచ్చింది, ఒక కాలు ఈడుస్తూ. మాడిన మిరపాకుల దగ్గర ఆగి నాలిక చప్పరించింది. క్యాబేజీలో రెండు మొక్కలు పీకి పక్కన పడేసింది. “ఇవి పోయాయి. మిగతావి బతుకుతాయి,” అంది.

లైబ్రేరియన్ లేచి స్టూలు ఆమె వైపు జరిపింది. “నువ్వు కూర్చో. కాలు నొప్పి కదా.”

“మీరో?”

“నేను చెక్క మీద కూర్చుంటాను.”

నిశ్శబ్దమ్మ స్టూలు వంకా ఆమె వంకా చూసి, చివరికి కూర్చుంది. కాలు చాపుకుంది.

“ముందు ఆ తొడుగులు తీసెయ్యండి. గుడ్లు వేలికే తెలుస్తాయి, గరుగ్గా. ఊఁ, తిప్పండి. అలా కాదక్కా, చిరిగిపోతుంది. కింద అరచెయ్యి పెట్టి, నిద్రపోయే పిల్లని తిప్పినట్టు తిప్పాలి.”

అక్కా అన్నది ఇద్దరూ విన్నారు. లైబ్రేరియన్ తొడుగులు తీసి, అరచెయ్యి పెట్టి, ఆకుని తిప్పింది. పచ్చటి లద్దె పురుగు ఒకటి తల ఎత్తి చూసింది. ఆమె “అమ్మో” అని కళ్లు మూసుకుని పట్టుకుని బకెట్‌లో పడేసింది. నిశ్శబ్దమ్మ లైబ్రరీ గోడలు మోగేలా నవ్వింది.

మూడో మొక్కలో లైబ్రేరియన్‌కి తనంతట తానుగా గుడ్లు దొరికాయి. పసుప్పచ్చగా, నిలువుగా, గుత్తిగా ఉన్నాయి. “ఇవిగో!” అని గోరు ఆనించబోయింది. నిశ్శబ్దమ్మ చెయ్యి చప్పున వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

“అవి వద్దు. అవి మనవి.”

“అదేంటి, ఇందాక ఆ ఆకు మీద ఇలాంటివే నలిపేశావుగా?”

“ఇందాకటివి ఆకు తినే పెంకుపురుగువి. ఇవి ఆకు రసం పీల్చే పేనుని తినే ఎర్ర పురుగువి. ఇవి పగిలాయంటే బెండకి పట్టిన పేనంతా వారంలో ఊడ్చేస్తాయి. మనకి పని తప్పుతుంది.”

“రెండూ ఒకలాగే ఉన్నాయి కదే!”

“ఉంటాయి. ఇంకా దగ్గరికి రండి. వాటికి గుడ్డుకీ గుడ్డుకీ మధ్య ఎడం ఉంటుంది. ఇవి ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. చూడండి.”

లైబ్రేరియన్ నడుం పట్టుకుని ఇంకా వంగింది. కళ్లద్దాలు జారితే పైకి తోసుకుంది. నిశ్శబ్దమ్మ మణికట్టు వదిలేసి ఆకు చివర పట్టుకుని వెలుతురుకి తిప్పి నిలబెట్టింది. ముందు పసుపు మరక ఒకటే కనిపించింది. తర్వాత మెల్లమెల్లగా ఒక్కో గుడ్డూ విడివిడిగా తేలింది.

బయట గేటు దగ్గర పేపరు చదివే పెద్దమనుషులు వచ్చేసినట్టున్నారు. గొళ్లెం రెండుసార్లు మోగింది.

“వస్తున్నా!” అని లైబ్రేరియన్ గట్టిగా కేకేసింది. ఆకు మాత్రం వదల్లేదు.